పట్టుపటంలో పొగ

ఆ శనివారం మెట్లు తుడవడం రాజ్యశ్రీ వంతు. బ్రెమెన్‌లో పాత రేవు పక్కనున్న ఆ ఇంట్లో వారానికొకరు మెట్లు తుడవాలి, అది రూలు. ఎవరి వారమైతే వాళ్ల తలుపుకి ఇంటావిడ ఫ్రౌ మైన్కె ఒక చెక్కముక్క తగిలించి పోతుంది. అది తగిలాక జ్వరమొచ్చినా, డాక్టరు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఉన్నా, ఆఫీసులో విమానం రెక్క ఊడిపడినా సరే, తుడవాల్సిందే. రాజ్యశ్రీ ఉద్యోగం విమానం రెక్కలు చేసే కంపెనీలోనే. సొంతూరు తణుకు. మొగుడు శశికాంత్, ఆరేళ్ల కూతురు ఈషాతో రెండో అంతస్తులో ఉంటోంది. ఫ్రౌ మైన్కెని పక్కన పెడితే ఆ ఇంట్లో అందరికన్నా పాత కాపురం వీళ్లదే.

మెట్లతో పాటు ఇంకో చాకిరీ కూడా ఉంది. మొదటి మలుపులో గోడకి ఒక పట్టుపటం వేలాడుతుంది, దాని అద్దం కూడా తుడవాలి. ఫ్రౌ మైన్కె తాతగారి అన్న హైన్రిష్ కైజరు చక్రవర్తి కాలంలో నావికుడిగా చైనా దాకా పోయి, తిరిగొస్తూ అక్కడి రేవులో కొనుక్కొచ్చిన పటం అది. అప్పట్లో దూరదేశాలు తిరిగిన జర్మన్ నావికులు చాలామంది ఇలాంటిదొకటి ఇంటికి తెచ్చుకునేవాళ్లట. నల్లపట్టు మీద జరీతో రెక్కలు చాపిన గద్ద, చుట్టూ జెండాలు, కింద అలల మీద పొగగొట్టాల ఓడ, మధ్యలో మునిగేవాళ్లకి విసిరే లైఫ్‌బాయ్ చక్రం. కొన్నవాడు తన ఫొటో అంటించుకోవడానికి ఆ చక్రంలో ఖాళీ వదిలేవాళ్లు. హైన్రిష్ మీసాల మొహం అందులోనే ఉంటుంది. హైన్రిష్ పేరుంది, ఓడ పేరుంది, సంవత్సరం ఉంది. కళ్లు కాయలు కాచేలా కూర్చుని కుట్టిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. రాస్తే ఆ గద్దకి చోటు చాలదు కాబోలు!

ఆ ఓడ పొగ వదిలిందంటే నెల తిరక్కుండా ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు వెళ్లిపోతారు. పై అంతస్తు కుర్రాడికి కార్ల్స్‌రూహెలో ఉద్యోగం వచ్చినప్పుడూ పొగ లేచింది, ఫ్రౌ మైన్కె భర్త శ్మశానానికి వెళ్లినప్పుడూ లేచింది. ఖాళీ చెయ్యడమంటే ఖాళీ చెయ్యడమే కదా, లారీలో అయితేనేం, పెట్టెలో అయితేనేం. పొగ మొదలవగానే హైన్రిష్ చక్రంలోంచి తప్పుకుంటాడు, వెళ్లేవాళ్ల మొహం మెల్లిగా అక్కడ తేలుతుందట. అప్పటికి అద్దం లోపలా బయటా మసిపట్టి ఏమీ కనపడదు. ఎవరో ఎలాగూ తర్వాత తెలుస్తుంది గనక ఎవరూ చట్రం విప్పి చూడరు. ఇంటి నియమాల కాగితంలో కూడా "పటం మసి ఆ వారం మెట్లు తుడిచేవారి బాధ్యత" అని శుభ్రంగా టైపు చేసి ఉంది.

ఆ శనివారం రాజ్యశ్రీ తడిగుడ్డ అద్దానికి ఆనించిందో లేదో నల్లగా అయిపోయింది. బొగ్గు వాసన గుప్పుమంది.

"నా వారంలోనే తగలడాలా నీ పొగ!" అని హైన్రిష్‌ని తిట్టుకుని, గుడ్డ పిండి, పైకి వెళ్లిపోయింది. అంతకుమించి ఆమెకి ఏమీ తోచలేదు.

సోమవారం సాయంత్రం పై అంతస్తు హెర్ బేరెన్స్ కొలతల టేపు పట్టుకుని తలుపు తట్టాడు.

"మీ వంటగది ఒకసారి కొలుచుకోవచ్చా? మా మనవడికి ఇల్లు కావాలి. అల్మారాలు ఉంచేస్తారా, విప్పి పట్టుకెళ్తారా?"

"ఎక్కడికి పట్టుకెళ్లాలి?" అంది రాజ్యశ్రీ అర్థంకాక.

"అదే, మీరు వెళ్లే చోటికి. పొగ వస్తోంది కదా."

"పొగ వస్తే మేమే ఎందుకు వెళ్లాలి? మీరు వెళ్లకూడదా?"

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "నేనా? నేనెక్కడికి వెళ్తాను? నేను ఇక్కడివాణ్ణి కదా!"

రాజ్యశ్రీ తలుపు దభాలున వేసింది. తమ తర్వాత ఈ ఇంటికి వచ్చిన మనిషి! ఆయన సోఫా మెట్లెక్కక చిక్కుకుపోతే భుజం పట్టింది శశికాంత్. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మనం ఇంట్లో ఉండగానే మన వంటగది కొలుస్తాడా అని ఆమెకి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఫ్రౌ మైన్కె రేగుపళ్లంత చిన్న ఆల్‌బుఖారా పళ్లతో కేకు చేసుకుని వచ్చింది. ఆవిడ మర్యాదస్తురాలు, టేపులు తేదు. కుర్చీలో కూర్చుని కిటికీల వైపు చూసింది.

"మీలాంటి వాళ్లు మళ్లీ దొరకరు. ఆ కర్టెన్ రాడ్లు మాత్రం ఉంచేసి వెళ్లండి, కొత్తవాళ్లకి పనికొస్తాయి."

రాజ్యశ్రీ కేకు ముక్క నోట్లో పెట్టుకోలేదు. పెద్దావిడ కదా అని ఊరుకుంది గానీ ఆ రాడ్లు తీసి వీధిలో పారెయ్యాలనిపించింది.

ఇక బుధవారం మధ్యాహ్నం ఫోను. ఇక్కడే మాస్టర్స్ చదువుతున్న సాయికృష్ణ. కరీంనగర్ పిల్లాడు, పండగలకి వచ్చి భోంచేసి పోతుంటాడు.

"అక్కా, మీరు ఇల్లు ఖాళీ జేస్తున్నరంట గదా! ఎంత తిరిగినా నాకు ఇల్లు దొరుకుతలేదక్కా. జర ఇంటామెకు నా పేరు చెప్పున్రి."

"నీకెవరు చెప్పారు?"

"శశన్ననే గ్రూపుల పెట్టిండు గదక్కా."

ఆఫీసు నుంచి రాజ్యశ్రీ ఎలా ఇల్లు చేరిందో ఆమెకే తెలీదు. హాల్లో శశికాంత్ సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చిన అట్టపెట్టెల్లో గిన్నెలు సర్దుతున్నాడు. ఇడ్లీరేకులు పాత పేపర్లో చుట్టి మరీ పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నావు శశీ?"

"పొగొచ్చింది కదా రాజీ. చివర్లో హడావిడి ఎందుకని."

"పోయేది మనమే అని నీకెవడు చెప్పాడు?"

"మనం కాకపోతే ఇంకెవరు పోతారు? మిగతావాళ్లందరూ ఇక్కడివాళ్లు."

"సిగ్గుందా నీకు!" అని అరిచింది. "వాళ్లంటే అన్నారు. వాళ్లకి మనం ఎప్పుడూ పెట్టె పట్టుకుని నిలబడ్డట్టే కనిపిస్తాం. కట్టుకున్నవాడివి నువ్వూ అదే మాటంటే ఇక నేను ఎవరితో పోట్లాడాలి?"

"గొడవెందుకే, వాళ్లు పొమ్మనకముందే మర్యాదగా పోతే..."

"ఎవడూ పొమ్మనలేదు! నువ్వే గంతులేస్తున్నావు!"

గదిలోంచి ఈషా వచ్చింది. గోడమీది తన బొమ్మలన్నీ పీకి చేతిలో పట్టుకుంది. ఆసుపత్రి నుంచి పొత్తిళ్లలో ఈ ఇంటికే వచ్చిన పిల్ల. ఇల్లంటే దానికి ఇదొక్కటే తెలుసు.

"మామా, మ్యుస్సెన్ వియర్ వెక్?" అంది జర్మన్‌లో. అమ్మా, మనం వెళ్లిపోవాలా అని.

"అక్కర్లేదు. వెళ్లి ఆ బొమ్మలు మళ్లీ అంటించు," అంది రాజ్యశ్రీ. అని, చరచరా మెట్లు దిగి, పట్టుపటాన్ని గోడ మీంచి ఊడబెరికి తెచ్చి భోజనాల బల్ల మీద పడేసింది. ఎవరి మొహమో ఇప్పుడే తేల్చేద్దాం అనుకుంది. తమదే అయితే? అయినా కత్తెర మొనతో చట్రం మేకులు పీకి, అద్దం ఎత్తింది.

చక్రంలో ఫ్రౌ మైన్కె ఉంది. నీలం స్వెట్టర్, ముక్కు మీదికి జారిన కళ్లజోడు.

రాజ్యశ్రీకి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత అంతకు రెండింతలు మంటెత్తింది. పోయేది తనైతే నా కర్టెన్ రాడ్లు అడుగుతుందా! ఆవిడకి ఊళ్లో ఇంకో ఇల్లు లేదు, పిల్లల్లేరు, ఈ గడప దాటి వెళ్లే చోటంటూ ఉంటే అది శ్మశానంలో మొగుడి పక్కనే. ఉండు, ఇది తీసుకెళ్లి ఆ కళ్లజోడు ముందు పెడతాను, అప్పుడు చెప్పమంటాను ఎవరు ఎక్కడివాళ్లో. పట్టుని చట్రంలోంచి తీసి, మడిచి చంకలో పెట్టుకుని కింది అంతస్తుకి పరుగెత్తింది.

ఫ్రౌ మైన్కె మోకాళ్ల మీద కూర్చుని వసారాలో కుండీల్లో పూలదుంపలు నాటుతోంది.

"వచ్చావా! ఇవి ట్యూలిప్పులు. ఎండలొచ్చాక పూస్తాయి. ఈసారి ఎర్రవీ పసుపువీ కలిపి వేస్తున్నా," అంది మట్టిచేతులు దులుపుకుంటూ. "పాపం, మీరు చూడలేరు."

రాజ్యశ్రీ నోరు తెరిచింది. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"ఆ పటం ఎందుకు దించావు?"

"లోపల మసి తుడుద్దామని," అంది రాజ్యశ్రీ.

పైకొచ్చి తలుపేసుకుంది. ఈ ముసలిదాన్ని ఏమీ అనలేకపోయానే అని తనని తానే తిట్టుకుంటూ, పటాన్ని వెనక్కి తిప్పింది. వెనకంతా ముడులు. గద్దకి ముడి, జెండాలకి ముడి, ప్రతి అలకీ ముడి. ఊడకుండా గట్టిగా వేసింది ఆ పేరులేని మనిషి. పొగ దగ్గర మాత్రం దారం కొస వదిలేసి ఉంది. మరిచిపోయి వదల్లేదు. అంత చెయ్యి తిరిగిన మనిషి ఒక్క ముడి మరిచిపోతుందా?

రాజ్యశ్రీ నల్లపూసలకి ఉన్న పిన్నీసు తీసి, ఆ కొసని పట్టి లాగింది.

"ఏం చేస్తున్నావే! అది వాళ్ల పూర్వీకులది!" అన్నాడు శశికాంత్.

"ఉంచుకోమను. పొగ మాత్రం ఉండదు. ఈ ఇంట్లోంచి ఎవరూ పోనక్కర్లేదు. మనమూ పోనక్కర్లేదు, ఆవిడా పోనక్కర్లేదు."

శశికాంత్ వంగి చక్రంలోకి చూశాడు. ఫ్రౌ మైన్కె మొహం చూసి, రాజ్యశ్రీ వైపు తిరిగాడు. చేతిలోని గిన్నె కింద పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుని, దారాన్ని తన అరచేతికి చుట్టడం మొదలుపెట్టాడు. దారం వెచ్చగా వస్తూనే ఉంది. ఇద్దరి వేళ్లూ బొగ్గు రంగుకి తిరిగాయి. రాజ్యశ్రీ లాగుతున్నంతసేపూ బేరెన్స్‌ని, ఇంటావిడని, హైన్రిష్‌ని, కైజరుని, మొగుణ్ణి ఎవ్వరినీ వదలకుండా తిట్టింది. కొస ఊడొచ్చేసరికి చక్రంలో నీలం స్వెట్టర్ వెలిసిపోయింది. నిద్రలోంచి లేపినవాడిలా చిరాగ్గా హైన్రిష్ తిరిగొచ్చి కూర్చున్నాడు.

నెల దాటింది. ఇంట్లోంచి ఎవరూ వెళ్లలేదు. ఓడలు కూడా అబద్ధాలాడే రోజులొచ్చాయని బేరెన్స్ నాలుగు రోజులు గొణిగాడు. ఒక పొద్దున రాజ్యశ్రీ ఆఫీసుకి దిగుతుంటే కూరగాయల సంచీతో ఫ్రౌ మైన్కె ఎదురైంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, చకచకా నడుస్తోంది.

"అయితే మనసు మార్చుకున్నారన్నమాట. వెళ్లడం లేదు."

తామేదో వెళ్తామని బతిమాలినట్టు! రాజ్యశ్రీ గొంతులో నెల రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"లేదు, ఉంటాం. మీరూ ఉండండి ఫ్రౌ మైన్కె, చాలాకాలం ఉండండి."

"నేనా?" ముసలావిడకి రోషం వచ్చింది. సంచీ మెట్టు మీద పెట్టి మరీ అంది. "నేనెక్కడికి పోతాను? ఇది నా ఇల్లు!"

"మాది కూడా," అని ఆ సంచీ ఎత్తి ఆవిడ చేతికిచ్చి, రాజ్యశ్రీ ట్రామ్ కోసం బయల్దేరింది.