తల్లి పేరు

బతు బస్తీలో ఆ పొద్దు తెల్లారిందో లేదో తెలియని వాన. కూతురు కాళమ్మ చెయ్యి పట్టుకుని అచ్చమ్మ బడికి నడుస్తోంది. నడుస్తోందన్న మాటే గానీ, మనసెప్పుడో దీవుల ఉత్తరపు కొసన ఉన్న మాయాబందర్ దాటి, బర్మా నుంచి వచ్చి స్థిరపడిన కరెన్ వాళ్ల ఊళ్లో, పుట్టింటి వెదురు మెట్ల మీద కూచుంది.

పిల్లకి ఆరేళ్లు. కళ్లు తల్లివి, నోరు నాన్న నూకన్నది, అంటే అచ్చం శ్రీకాకుళం నోరు. బస్తీలో దాన్ని కరెన్ పిల్లంటారు. అమ్మమ్మ ఊరెళితే తెలుగు పిల్లంటారు. దుకాణం భయ్యాకైతే అది బర్మా. ఒక్క పిల్లకి ఇన్ని జాతులేమిటని అచ్చమ్మకి ఒళ్లు మండుతుంది. పిల్లకి మాత్రం ఒకటే కోరిక, పక్కింటి ఎరుకమ్మతో తెలుగు క్లాసులో కూచోవాలి.

కొత్తగా ఓడ దిగిన పరంధామయ్య మేష్టారు పిల్ల మొహం చూశారు, అంతే, హిందీలోకి దిగిపోయారు. దీదీ, ఇది తెలుగు పిల్లల క్లాసు, మీ పాపని హిందీ క్లాసులో వేసుకోండి అన్నారు. బడిలో చేర్చే ఫారంలో మాతృభాష గడి చూపించి, ఇక్కడ తెలుగని ఎలా రాయమంటారన్నారు.

"మాతృభాషంటే తల్లి మాటాడే బాసే కదండీ మేష్టారూ," అంది అచ్చమ్మ తెలుగులో. "దీని తల్లిని నేనే. పుట్టిన కాణ్ణుంచి దీంతో తెలుగే మాటాడతన్నాను. రాసుకోండి."

మేష్టారు తెలుగని రాశారు. తర్వాతి గడి తల్లి పేరు. రేకుల మీద వాన హోరు. ఆ హోరులో ఎవరో చిన్నప్పటిలా పిలిచినట్టయి, అచ్చమ్మ నోట అసలు పేరు జారిపోయింది.

"నో పో."

ఎవర్ని పొమ్మంటున్నావమ్మా అన్నారు మేష్టారు బిత్తరపోయి. నో అంటే మా ఆడోళ్ల పేర్ల ముందు పెట్టే మాట, పో అంటే మా బాసలో పువ్వండి అని చెప్పింది గానీ, సిగ్గుతో చచ్చిపోయింది. పెళ్లయిన కొత్తలో అత్త గవరమ్మదీ ఇదే గోల. ఇంటికొచ్చిన కోడల్ని పొద్దస్తమానం పో పో అని ఎలా పిలిచేదని అచ్చమ్మని చేసేసింది.

ఆ పేరు రాస్తే రేపెవరైనా చూసి పిల్లని మళ్లీ హిందీ క్లాసుకి తోలేస్తారని మేష్టారే మెల్లగా చెప్పారు. ఆవిడ అచ్చమ్మనే రాసుకోండి అంది.

కాళమ్మ అప్పటికే ఎరుకమ్మ పక్కన సర్దుకుని కూచుంది. తల్లి చూస్తే గుమ్మం దిగి, వానలో నిలబడి, ఎంతకీ కదలదు. పిల్లకి నామోషీ అనిపించింది.

"అమ్మా, నువ్వింక పో," అంది గట్టిగా.

పెళ్లయిన ఈ ఎనిమిదేళ్లలో బస్తీలో ఎవరూ ఆవిణ్ణి ఆ మాటతో పిలవలేదు.

"ఇంకోసారి అనవే," అంది తల్లి.