ఊరెళ్ళాడు

ఓడరేవు గేటు దగ్గర పొద్దున్నే హాజరు పిలిచే గుమస్తాను చూస్తే, పాపం, నెమ్మదస్తుడనుకుంటారు. కాదు, భయస్తుడు. ఆఫీసుకు దగ్గరి దారి తొమ్మిదో యార్డు మీదుగానే. అయినా ఆరేళ్ళుగా దానిమీద అడుగు పెట్టకుండా చుట్టూ తిరిగి వెళతాడు. అక్కడ కంటెయినర్ దించినప్పుడల్లా నేల అదురుతుంది. కిందనుంచి ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడతాడు.

ఆ యార్డు ఒకప్పుడు సముద్రం. గొట్టాలతో ఇసుకా నీళ్ళూ కలిపి పోసి పూడ్చారు. పైకి ఆరినట్టు కనిపించినా లోపలంతా ఊబే. ఆరేళ్ళ క్రితం, గొట్టం బిగించడానికి ఒంటరిగా వెళ్ళిన కూలీ ఒకడు మేస్త్రీ, గుమస్తా తప్ప ఎవరూ చూడకుండానే అందులో దిగబడిపోయాడు. గడువు దాటుతుందని మేస్త్రీ పని ఆపి వెతకనివ్వలేదు. "ఊరెళ్ళాడని రాసెయ్యవయ్యా, పీడా పోతుంది" అన్నాడు. చెప్పకుండా మానేసిన కూలీలందరికీ అక్కడ రాసే మాట అదే. గుమస్తా రాసేశాడు.

ఆ కూలీ భార్య ఇప్పుడు ఆ యార్డులోనే ఊడ్చే పని చేస్తోంది. ఇవాళ ఆమె తమ్ముడు, ఇద్దరు పిల్లల తండ్రి, కొత్త పూడికలో గొట్టం పనికి చేరాడు. అతని పేరు రాయించి, ఆమె ఎప్పటిలాగే అడిగింది.

"అన్నా, మా ఆయన ఏ ఊరెళ్ళాడో ఇవాళైనా చెప్పవూ?"

"నాకేం తెలుసమ్మా..."

"మా పేట ఈ గోడవతలే. మా తాతలూ ఇక్కడే పుట్టారు. మాకింకో ఊరే లేదు. లేని ఊరికి ఎలా వెళ్ళాడన్నా? నేనింకా తలుపు గడియ పెట్టుకోవడం లేదు."

గుమస్తా హాజరు పుస్తకం మూసేశాడు. ఛీ, రాసేటప్పుడు ఈపాటి కూడా తట్టలేదే! అవతల మేస్త్రీ ఆమె తమ్ముణ్ణి కేకేస్తున్నాడు: "ఇసుక ఆరిందిలే, నడువు!"

"ఆగు! దిగొద్దు!" గుమస్తా అరిచాడు. కూలీల వరుసంతా ఆగిపోయింది. "అమ్మా, నీ మొగుడు ఎక్కడికీ వెళ్ళలేదు. తొమ్మిదో యార్డు కిందే ఉన్నాడు. ఊరెళ్ళాడని రాసింది నేనే."

"నీకేమైనా మతి పోయిందా? ఉద్యోగం ఊడుతుంది!" మేస్త్రీ మండిపడ్డాడు.

"ఊడనీ."

ఆమె తొమ్మిదో యార్డు వైపు తిరిగింది.

"అయితే ఇన్నేళ్ళూ... రోజూ... నేను ఆయన మీదే నడిచానా అన్నా?"

తమ్ముడు వచ్చి అక్కను పట్టుకున్నాడు. ఆ రోజు తడి ఇసుకలోకి ఒక్కరూ దిగలేదు.

చదివేవారికి నా మనవి ఒక్కటే. పనిలో పోయిన మనిషిని పోయాడనే రాయండి. అలా రాసిన చోటే తర్వాతి మనిషి ప్రాణాలతో ఇంటికొస్తాడు.