నా గొంతులో మాత్రలు

నేను ఒక విజిల్‌ని. ఇత్తడి ఒళ్ళు, కడుపులో బెండు గోళీ. నన్ను మొదట మెళ్ళో వేసుకున్నది బస్సు కండక్టరు అప్పలస్వామి. ముసలమ్మ మెట్టెక్కి సీటు చూసుకునేదాకా నన్ను ఊదేవాడు కాదు, మహానుభావుడు. రిటైరయ్యాక నన్ను అల్లుడి చేతిలో పెట్టాడు. అదిగో, అక్కడ తగలడ్డాను.

ఆ అల్లుడు సన్యాసిరావు, విజయనగరం వైపు ఒక ఆడపిల్లల స్పోర్ట్స్ హాస్టల్‌కి కోచ్. వాడి నోటి కంపు నాకు తెలుసు, బుర్ర కంపు ఇంకా బాగా తెలుసు. డిగ్రీ చదివే పిల్లల్ని పొద్దున్నే వరసలో నిలబెట్టి, తలా ఒక మాత్ర పంచేవాడు. పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలవి. "నెలసరి గొడవ నా గ్రౌండులో ఉండకూడదు. మింగండి!" అనేవాడు. డాక్టర్ని అడిగాడా? లేదు. ఆ పిల్లల్ని అడిగాడా? ఛీ, అంత సిగ్గుంటే వాడు సన్యాసిరావెందుకవుతాడు!

కొందరికి ఏమీ కాలేదు. అందరి ఒళ్ళూ ఒకటి కాదు కదా. పరుగుపందేల పిల్ల పైడమ్మకి మాత్రం గ్రౌండు చుట్టూ రెండో రౌండుకే రొప్పు, కాళ్ళు బరువు.

"ఊపిరందట్లేదండి మాస్టారూ. ఆ మాత్తర్లు ఏసుకున్న కాణ్ణుంచే."

"మాత్ర మీద నెపమా? బద్ధకం!" అని నన్ను చెవులు పగిలేలా ఊదాడు. రాష్ట్ర జట్టులో చోటు రాకపోతే పైడమ్మకి హాస్టల్ సీటు పోతుంది. చదువు మానేసి, వాళ్ళమ్మ పక్కన కూర్చుని జీడిపిక్కలు కొట్టుకోవాలి. అది వాడికీ తెలుసు, దరిద్రుడికి.

పైడమ్మ మాత్రని నాలిక కింద దాచి, వాడు అటు తిరగ్గానే చున్నీలో ఉమ్మి మూటగట్టడం మొదలెట్టింది. కొన్నాళ్ళకి ఊపిరి తిరిగొచ్చింది. సెలక్షన్‌లో అందరికంటే ముందొచ్చి, జట్టులో చోటు కొట్టేసింది.

సన్యాసిరావు మీసం మెలేశాడు. "చూశారా, నా మాత్రల మహిమ! రేపట్నుంచి కొత్త పిల్లలకి కూడా."

నా కడుపు మండిపోయింది. పైడమ్మకీ మండిందని సాయంత్రం తెలిసింది. మేకుకి వేలాడుతున్న నన్ను దించి, చున్నీ మూట విప్పి, పట్టినన్ని మాత్రలు నా గొంతులో కుక్కింది.

పొద్దున్న వాడు ఊదాడు. తుస్సు. మళ్ళీ ఊదాడు. వాడి ఉమ్మికే మాత్రలు నాని గోళీకి అతుక్కుపోయి, నా నోట్లోంచి అందరికీ కనబడుతున్నాయి. మొహం కందగడ్డైంది, రొప్పుతున్నాడు.

"ఊపిరందట్లేదేటండి మాస్టారూ?" అంది పైడమ్మ. "బద్ధకమేటి?"

వరసంతా గొల్లున నవ్వింది. పైడమ్మ అవి మింగకుండానే గెలిచిందని అర్థమై, మాత్ర కోసం చాచిన చేతులు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి.

వాడు నన్ను పెంటకుప్ప మీదికి విసిరేశాడు. హాయిగా ఉన్నాను. కొత్త విజిల్ మోత ఇక్కడిదాకా వినిపిస్తోంది. మాత్రల అట్టలు మాత్రం ఈ కుప్ప మీద మళ్ళీ పడలేదు.