ట్యాంకు మీద వంపు

"ఇదిగో, ఆ ట్యాంకు మీద గీత లాగేసి పక్కకొచ్చెయ్. కెమెరా వాళ్ళు లోపలికొచ్చాక బ్రష్షు నేను పట్టుకుంటా," అన్నారు మావారు, కఫ్ గుండీలు పెట్టుకుంటూ. పొయ్యి మీద పాలు చూడమని చెప్పినంత మామూలుగా.

మా మోటార్ సైకిళ్ళ కంపెనీ ఇంటి వెనక ఈ రేకుల షెడ్డులోనే పుట్టింది. ఇప్పుడు ఊరవతల పెద్ద ఫ్యాక్టరీ ఉంది. మా బండి కావాలంటే ఎంత డబ్బున్నవాళ్ళయినా వంతు కోసం ఎదురుచూడాల్సిందే. కానీ ప్రతి బండి పెట్రోలు ట్యాంకూ చివరికి ఈ షెడ్డుకే, నా ముందుకే వస్తుంది. నల్లరంగు మీద సన్నని బంగారు గీత, దాని మధ్యలో ఒక చిన్న వంపు. ఆ వంపే మా గుర్తు. మిషనుతో వేయించి చూశారు. జీవం లేదన్నారు కొనేవాళ్ళు. అందుకని వంట ముగించుకుని నేనే గీస్తాను. జీతం మాట ఒకసారి ఎత్తితే మావారు భోజనాల బల్ల దగ్గర అందరికీ వినిపించేలా నవ్వారు. "ఇంటి మనిషికి జీతమేంటే? రేపు అన్నం వడ్డించి బిల్లేస్తావా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనిషి తనకు జరిగిన అన్యాయానికి తానే సాక్షి సంతకం పెట్టేది అలాంటి నవ్వుల్లోనేమో అని తర్వాత చాలాసార్లు అనిపించింది.

కంపెనీ పుట్టుక మీద సినిమా తీస్తున్నారు. కిటికీ అవతల వసారాలో మామయ్యగారు చెబుతున్నారు: "కుర్రతనంలో కొండదారిన బండి మీద పోతుంటే ఒక మలుపు దగ్గర తట్టిందమ్మా. ఆ మలుపునే ట్యాంకు మీదికి తెచ్చా."

"అబ్బ, ఎంత బావుందండీ!" అంది కెమెరా పక్కనున్న అమ్మాయి.

మొదటి ట్యాంకు మీద నిజానికి ఉన్నది వెల్డింగు మచ్చ. రంగు వేసినా దాగలేదు. తప్పు నీదంటే నీదని తండ్రీకొడుకులు అరుచుకుని లోపలికి పోయాక, బ్రష్షు నేను తీసుకున్నాను. మా నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవారు. ఆయన పక్కన కుదురుకున్న చెయ్యి నాది. మచ్చను కప్పుతూ గీత లాగడం మొదలుపెట్టాను. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున ముగించాలి, ఆగితే అతుకు కనిపిస్తుంది. సగంలో ఉండగా లోపలినుంచి మామయ్యగారి కేక: "అమ్మాయ్! కాఫీ ఏదీ?" మోచెయ్యి అదిరింది. గీత వంగింది. కొనడానికి వచ్చినాయన ఆ వంపునే వేలితో తడిమి తడిమి మురిసిపోయాడు.

అంటే లోకం ఇంత ధర పెట్టి కొనుక్కుంటున్నది, నా పనికి భంగం కలిగిన ఒక క్షణాన్ని. అంతకంటే బాధించేది మరొకటి ఉంది. ఎవరూ పిలవకపోయినా ఆ చోటుకు రాగానే నా మోచెయ్యి దానంతటదే అదురుతుంది. పిలిచేవాళ్ళు లేకపోయినా పలకడం. విధేయత అంటే అదే కాబోలు.

ఈ పొద్దునే మావారిని అడిగాను. "గీత నేను గీస్తానని ఒక్క మాట చెప్పరాదూ?"

"ఇప్పుడెందుకే? నాన్న కథ అందరికీ అలవాటైపోయింది. మధ్యలో నువ్వు దూరితే జనం గందరగోళపడతారు."

దూరడమట. నా చేతి పనిలోకి నేను!

బ్రష్షు ముంచాను. ఊపిరి బిగబట్టాను. గీత సగం దాకా వచ్చింది.

"అమ్మాయ్! వీళ్ళకి కాఫీ ఏదీ?"

"ఏమే, నాన్న పిలుస్తుంటే వినపడట్లేదా?" వసారాలోంచి మావారు.

వినపడింది. ఆ చోటు వచ్చింది, దాటిపోయింది. గీత అంచు దాకా తిన్నగా సాగింది.

కెమెరా వాళ్ళను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మావారు ట్యాంకును చూసి కొయ్యబారిపోయారు.

"వంపేదే?"

"మామయ్యగారిని అడగండి," అన్నాను, బ్రష్షు ఆయన చేతికిస్తూ. "ఆ మలుపు ఆయనదేగా."