మనిషయ్యే లారీ

ఏది మంచిదో తేల్చమని మా ఆయన జగ్గారావు గారు రెండు బొమ్మలు తెచ్చి నా ముందు పెట్టారు. రెండూ జపాన్ సరుకు. ఓడల వాళ్ళు అమ్మేసి వెళితే వన్‌టౌన్‌లో అబ్దుల్ వహాబ్ గారి ఫారిన్ సామాన్ల కొట్టుకు చేరే రకం. ఒక పక్కకు తిప్పితే బండి, మడతలు విప్పితే రోబో.

“రెండూ అట్టుకెల్లి సూసుకోమన్నాడు వహాబ్. నచ్చింది ఉంచుకుని రెండోది ఇచ్చీడమే. నువ్వు బీఎస్సీ సదివినావు కదా, ఏది బావుందో నువ్వే సెప్పు.”

పెళ్ళయ్యాక నా బీఎస్సీ ఆయనకు గుర్తు రావడం ఇది రెండోసారి. మొదటిసారి గ్యాస్ సిలిండర్ వాసన వచ్చినప్పుడు.

మా సీతాలు మూడో తరగతి. దువ్వాడలో మేమున్న వాటా వరండాలో, అది బడి నుంచి రాగానే ఇద్దరం బొమ్మల ముందు కూర్చునేవాళ్ళం. ఒకటి విమానం. రోబోగా నిలబెడితే దొరబాబులా ఉంది. విమానంగా మారిస్తే మాత్రం, బోర్లా పడుకున్న మనిషికి రెక్కలు కట్టినట్టుంది. పైగా మార్చేముందు చేతులు ఊడదీసి పక్కన పెట్టాలి. మా ఇంట్లో పక్కన పెట్టిన వస్తువు మళ్ళీ కనిపించిన చరిత్ర లేదు.

రెండోది ఎర్ర లారీ. ఇది లారీగా ఉన్నప్పుడు లారీయే. లోపల మనిషున్నాడని ఎవరూ అనుకోరు. తలుపులు భుజాలవుతాయి, వెనక తొట్టి రెండుగా చీలి కాళ్ళవుతుంది. ఊడదీసేది ఏమీ లేదు. పిల్లల గోళ్ళు విరగకుండా తిరుగుతుంది. సరైన చోటికి వచ్చినప్పుడు ‘టిక్’ మంటుంది. ఎగుడుదిగుడు గచ్చు మీద కూడా పడిపోకుండా నిలబడుతుంది. మా అత్తగారు ఆరబెట్టిన చింతగింజలన్నీ ఆ తొట్టిలో ఒక గది నుంచి ఇంకో గదికి చేరిపోయాయి.

“విమానాన్ని సూడాలమ్మా,” అంది సీతాలు. “దీంతో ఆడాలి.”

నేను పేజీలు పేజీలు రాసినా అంతకన్నా చెప్పలేను.

విశాఖలో కొత్త బండి ఏదొచ్చినా ముందు సంపత్ వినాయగర్ గుడి దగ్గర ఆపి, కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలి కదా. ఆదివారం పొద్దున్నే సీతాలు లారీకి పసుపు రాసి, ముందు అద్దానికి కుంకుమ బొట్టు పెట్టింది. నిమ్మకాయ చక్రాల కన్నా ఎత్తుగా ఉందని వాటి కింద ద్రాక్షపళ్ళు పెట్టింది.

“ఏటే ఇది?” అన్నారు మా ఆయన.

“కొత్త బండి నాన్నా! పూజ సెయ్యకుండా ఎలా తిప్పుతాం?”

ఆయన నవ్వారు. ప్రసాదంగా రెండు ద్రాక్షపళ్ళు తిన్నారు కూడా.

ఆ వారంలోనే ఒక సాయంత్రం సీతాలు మంచం కింద, బియ్యం డబ్బా వెనక వెతకడం మొదలుపెట్టింది. లారీ లేదు, విమానమూ లేదు. మా ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటున్నారు.

“లారీ ఏదండీ?”

“ప్యాక్ సేయించీసాను. రేపు మేనేజరు గారబ్బాయి పుట్టినరోజు.”

“మరి నన్నెందుకు అడిగారు?”

“మంచిదియ్యాలి కదే! ఆఫీసరు పిల్లోడికి ఏదో ఒకటి ఇచ్చీడమేనా?”

“పిల్ల పూజ చేసుకుందండీ దానికి.”

“కుంకం తుడిచీసాన్లే,” అన్నారు ఆయన, నా భయం అదేనన్నట్టు. “ఆడపిల్లకి లారీ ఏటి?”

మర్నాడు మేనేజరు శ్రీరామ్మూర్తి గారింటికి ముగ్గురం వెళ్ళాం. కాగితం విప్పగానే పిల్లవాడు కేక వేశాడు. శ్రీరామ్మూర్తి గారి భార్య గౌరీశ్వరి గారు, “ఎంత బావుందండీ! ఎక్కడ దొరికింది?” అని మురిసిపోయారు.

“మా మిసెస్ బీఎస్సీ అండి,” అన్నారు మా ఆయన. నా డిగ్రీకి మూడోసారి. “రెండు తెత్తే అన్నీ పరీచ్చ సేసి, బాబుకి ఇదే బెస్టని తనే ఏరింది.”

కేకు ప్లేటు పట్టుకున్న సీతాలు నా వైపు తిరిగింది.

“నువ్వే ఏరినావా? ఆళ్ళకా?”

కాదని చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది. అంతలో శ్రీరామ్మూర్తి గారు, “జగ్గారావ్, ఆ సీనియర్ పోస్టు ఇంటర్వ్యూకి రెడీ అవుతున్నావా?” అన్నారు. మాట వెనక్కి మింగి, పిల్లకు సమోసా పెట్టాను. తినలేదు.

తర్వాత తండ్రితో ఎప్పటిలాగే మాట్లాడింది. నాతోనే మాటలు తగ్గించేసింది. ఆయన దగ్గర్నుంచి దానికి పెద్దగా ఆశ లేదు కాబోలు. బడికి ఏ రిబ్బను కట్టుకోవాలన్నా, బొమ్మకు ఏ రంగు వెయ్యాలన్నా నన్ను అడిగే పిల్ల, ఎర్ర రిబ్బను ఒకటి, నీలం రిబ్బను ఒకటి కట్టుకుని వెళ్ళిపోయేది. “ఒకే రంగు కట్టనా?” అంటే, “నిన్ను అడగలేదు,” అనేది. నాకు చెయ్యి చేసుకోవాలనిపించలేదు. అడగడం మానేసిన పిల్లను ఎలా కొడతాం?

ఇంటర్వ్యూ రోజు పొద్దున్న మా ఆయన రెండు చొక్కాలు మంచం మీద పరిచారు. ఒకటి లేత నీలం, ఇస్త్రీ చేసినది. రెండోది ఆయన బావ పెట్టిన చిలకాకుపచ్చ, నారింజ చారలది. రంగుల సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు.

“ఏది ఏసుకోను? సూసి సెప్పు, ఇయాల పెద్దపెద్దోళ్ళంతా ఉంటారు.”

రెండూ వెలుతురులో పెట్టి చూశాను. కాలర్లు చూశాను. లారీని చూసినంత శ్రద్ధగానే చూశాను.

“ఆకుపచ్చది,” అన్నాను. “ఆ చారల్లో ఒక హుందాతనం ఉంది.”

“అంత బావుంటాదా?” ఆయనకు కొంచెం అనుమానం.

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న సీతాలు తలెత్తింది. చొక్కా వైపు చూసింది. నా వైపు చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత నా పక్కకు వచ్చి, నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

“అవును నాన్నా,” అంది గంభీరంగా. “అమ్మ సెప్పిందే ఏసుకో. టక్ కూడా సేసుకో.”