మా ఆయన మంచి రక్తం

మా ఆయన ప్రభుదాస్ గారి మొహం ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది. తిరుమలగిరిలో మా చర్చి సంఘమంతా దాన్ని ఆరోగ్యమే అనుకుంటుంది. "అన్నయ్యది మంచి రక్తం వదినా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మంచి రక్తం పక్కన పడుకునేది నేను. పక్కింటికి వినబడే గురక, దిండంతా చొంగ, ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోవడం. భుజం పట్టి కుదిపితే నీళ్ళలోంచి తేలినట్టు ఒక్క గుటక వేసి మళ్ళీ మొదలుపెడతారు. తెల్లారితే తలనొప్పి, చిరాకు. అడిగితే, హాయిగా పడుకున్నానంటారు.

ఏటా గుడ్ ఫ్రైడేకి మా చర్చిలో రక్తదానం ఉంటుంది. అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచేది ఈయనే. రక్తమిచ్చాక కొన్నాళ్ళు తలనొప్పి ఉండదు. ఇక ఈస్టర్ ఆరాధనలో మైకు పట్టుకుని సాక్ష్యం, దేవుడు తనను స్వస్థపరిచాడని. అందరూ ఆమెన్ అంటారు, పాస్టర్ జకర్యా గారు శాలువా కప్పుతారు. బీరువాలో ఆ శాలువాలు చూస్తేనే నాకు రోత.

ఈసారి వచ్చిన డాక్టరమ్మ ఆయన వేలు పొడిచి, పరీక్ష చేసి, తల అడ్డంగా ఊపింది.

"మీ రక్తం తీసుకోను అంకుల్. చాలా చిక్కగుంది. గురక పెడ్తరా?"

"గురక పెట్టని మగాడున్నాడామ్మా?"

ఊపిరి ఆగే సంగతి నేను చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"రాత్రి గాలి అందకపోతే కొందరికి ఒంట్ల ఎర్రకణాలు పెరుగుతయి ఆంటీ. ఇదీ అదే కావొచ్చు. రక్తమిస్తే జెర పల్చబడ్తది, తల తేలికైతది. జబ్బు మాత్రం అట్లనే ఉంటది. గడ్డ కడితే పక్షవాతం సుత రావొచ్చు. నిద్ర పరీక్ష చేయించుండ్రి, అవసరమైతే రాత్రి మూతికి గాలి గొట్టం పెట్టుకొని పండుకోవాలె."

"దేవుడిచ్చిన స్వస్థతని జబ్బంటుందా ఆ పిల్ల? మూతికి గొట్టం తగిలించుకుని పడుకోవాలా నేను?" ఇంటికొచ్చి మా ఆయన గొడవ. సంఘపెద్ద యేసుదాసు గారు కూడా నాకే బుద్ధి చెప్పారు, విశ్వాసం పోగొట్టుకోవద్దని. వీళ్ళ ఆమెన్‌లే ఈయన్ని సమాధికి పంపేట్టున్నాయని అసహ్యం వేసింది.

ఈస్టర్ నాడు ప్రసంగం సగంలోనే ఆయన ఎప్పట్లాగే ముందు వరసలో తల వాల్చేశారు. నేను లేపలేదు. జకర్యా గారు సాక్ష్యానికి ఆయన పేరు పిలిచారు. నేను లేచి వెళ్ళి మైకు తెచ్చి, తెరుచుకుని ఉన్న ఆ నోటి దగ్గర పెట్టాను.

గురక చర్చంతా మోగింది. పిల్లలు పకపకా నవ్వారు, ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఉన్నట్టుండి గురక ఆగింది. స్పీకర్లలో చప్పుడు లేదు. నవ్వులూ ఆగాయి. ఎర్రటి మొహం నల్లబడుతోంది. యేసుదాసు గారు లేచి నిలబడ్డారు. నేను మా ఆయన భుజం కుదిపాను. పీక నొక్కి వదిలినట్టు పెద్ద గుటక, మళ్ళీ ఊపిరి.

ఆయన కళ్ళు తెరిచి, ఎదురుగా మైకు చూసి, అలవాటుగా అందుకున్నారు.

"దేవునికి స్తోత్రం. నాకే జబ్బూ లేదు."

ఆమెన్ కోసం ఆగారు. ఎవరూ అనలేదు. జకర్యా గారి చేతిలో శాలువా అలాగే ఉంది.

"పోయావనుకున్నాం నాయనా" అన్నారు యేసుదాసు గారు.

మా ఆయన చుట్టూ చూశారు, తర్వాత నన్ను.

"రోజూ ఇంతేనా మణీ?" మైకులోనే అడిగారు.

"రోజూ ఇంతే" అన్నాను.