అమ్మ సగంలో ఆపిన మాట

మా పుట్టింటి లాండ్రీలో అందరం పెదవులు చూసి మాటలు పట్టేస్తాం. ఉతికే యంత్రాల హోరులో అరిచి గొంతు పోగొట్టుకోవడం కన్నా అదే నయం. కౌంటరు అవతల నిలబడి ఎవరైనా మమ్మల్ని గొణుక్కుంటూ తిట్టినా మాకు తెలిసిపోతుంది. ఈ విద్యలో మా అందరికన్నా తమ్ముడు ఘటికుడు.

వాడికి డౌన్ సిండ్రోమ్. మాట కాస్త ముద్దగా వస్తుంది. పంతం మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపడేంత ఉంది. కాలరు మీద ముడత కనిపిస్తే చొక్కా మళ్లీ తడిపేస్తాడు.

నా కడుపులో బిడ్డకీ అదే ఉందని పరీక్షలో తేలింది. ఆ మధ్యాహ్నం అమ్మా, మా ఆయనా నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి అద్దాల తలుపు వేశారు. బయట ఇస్త్రీ బల్ల దగ్గరున్న తమ్ముడికి వినబడకూడదట.

"రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్దాం. డాక్టరుతో మాట్లాడేశాను," అన్నాడు మా ఆయన, పుచ్చిన పన్ను పీకించడానికి తీసుకెళ్తున్నట్టు.

"నన్నడక్కుండానా?"

"ఆ బిడ్డకి మాత్రం ఏం సుఖం చెప్పు?"

నాకు ఒళ్లు మండిపోయింది. "సుఖంగా ఉన్నవాళ్లే బతకాలంటే ముందు నిన్నే తీసెయ్యాలి. పొద్దున లేస్తే ఏడుపు మొహమేగా నీది!"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీకు తెలీదే, వాడితో నేనెన్ని పాట్లు పడ్డానో. వాడు కడుపులో ఉన్నప్పుడు ఈ పరీక్షలుంటేనా..."

అక్కడ ఆగిపోయింది. అద్దం అవతల తమ్ముడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అమ్మ మూతినే చూస్తున్నాడు. తలుపు వేస్తే చాలనుకున్నాం, ముగ్గురం బుద్ధిమంతులం! అమ్మ గబుక్కున చేత్తో నోరు మూసుకుంది.

వాడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. "ఉంటే ఏం చేసేదానివమ్మా?"

"నిన్ను కాదు నాన్నా, నిన్ను కాదు," అంటూ అమ్మ ఏడ్చేసింది.

"వాడికేం అర్థమవుతుందిలే, పంపించెయ్యండి," అన్నాడు మా ఆయన.

"అర్థమైంది బావా." వాడు నా వైపు తిరిగాడు. "నన్ను కాకపోతే మరెవర్ని?"

 

"నీ మేనల్లుణ్ణిరా," అన్నాను నేను. "మేనకోడలైతే మేనకోడల్ని. నీలా పుట్టడమే ఆ బిడ్డ చేసిన నేరం." తర్వాత అమ్మ వైపు తిరిగాను. "నేను రేపు ఎక్కడికీ రాను. నా బిడ్డ గురించి నాతో మాట్లాడాలంటే, ముందు నువ్వాపిన మాట వీడి మొహం చూసి పూర్తిచెయ్యి."

అమ్మ తలెత్తలేకపోయింది.